వైరు పీకినా మోగింది

అన్న ఫోన్ నుంచి పిలుపు వచ్చేసరికి చిన్నోడు ఆస్పత్రి వెనక గుమ్మం దగ్గర మాసిన దుప్పట్ల మూటలు బండిలోకి ఎత్తుతున్నాడు. ఆస్పత్రులకీ హోటళ్ళకీ బట్టలు ఉతికిచ్చే లాండ్రీలో వ్యాను డ్రైవరు అతను. మూట భుజం మీద ఉండగానే ఫోన్ చెవికి పెట్టుకుని "ఆ అన్నా, చెప్పు" అన్నాడు.

చెప్పింది అన్న కాదు.

"తమ్ముడూ, నేను మీ అన్నయ్య ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని నాన్నా" అంది అవతలి గొంతు.

ఆ గొంతు ఎవరిదో చిన్నోడికి వెంటనే తెలిసింది. అన్న ఇంట్లో ఎన్నిసార్లో దాన్ని అనుకరించి నవ్వించాడు. అన్న పనిచేసేది అట్టపెట్టెల ఫ్యాక్టరీ. అక్కడ ఆ సూపర్‌వైజర్ని వెనక అందరూ తేనె సారు అంటారు. ఆయన తిట్టడు, అరవడు. సెలవడిగితే భుజం మీద చెయ్యేసి, "నువ్వు లేకపోతే ఆ మిషను బెంగ పెట్టుకుంటుంది నాన్నా" అంటాడు. సెలవు మాత్రం ఇవ్వడు.

తేనె సారు ఈసారి కూడా అంతే మెత్తగా చెప్పాడు. పొద్దున షిఫ్టులో అన్న పడిపోయాడట. పెద్దాస్పత్రికి చేర్చేలోపే పోయాడట.

ఎక్కడ పడ్డాడు, ఎలా పడ్డాడు, పక్కన ఎవరున్నారు అని అడగాలి. బుద్ధి ఉన్నవాడెవడైనా అడుగుతాడు. చిన్నోడు అడగలేదు. మూట భుజం మీద నుంచి దించను కూడా లేదు.

"అమ్మగారికి ఇప్పుడే చెప్పకు తమ్ముడూ. పెద్ద ప్రాణం, గుండె తట్టుకోదు. ఏదో దెబ్బ తగిలిందని చెప్పి నెమ్మదిగా ఆస్పత్రికి తీసుకురా. వదినగారికి సాయంత్రం మెల్లగా చెప్దాం. ఫ్యాక్టరీ వైపు రావద్దు, ఇక్కడెవరూ ఉండరు. మేమంతా ఆస్పత్రి దగ్గరే నీకోసం చూస్తుంటాం. దారిలో మళ్ళీ ఫోన్ చేస్తా."

"సరే సార్" అన్నాడు చిన్నోడు. "థాంక్స్ సార్" అని కూడా అన్నాడు.

తర్వాత మిగిలిన మూటలన్నీ ఎత్తాడు. తలుపులు వేశాడు. లాండ్రీకి ఫోన్ చేసి ఇంట్లో పనుంది, బండి ఆలస్యంగా వస్తుందన్నాడు. కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాడు, బస్సు కోసం చూసినట్టు. రాలేదు. ఒళ్ళంతా పళ్ళ డాక్టరు సూది వేసిన దవడలా అయిపోయింది. తనదే, కానీ తనది కాదు.

అమ్మ ఉండేది అన్నా వదినల దగ్గర. వదిన కుట్టుపని కంపెనీలో ఉంటుంది ఈ వేళకి. ఇంట్లో అమ్మ ఒక్కతే. దారి పొడుగునా చిన్నోడు ఒకే ఒక్క విషయం ఆలోచించాడు. అమ్మకి తెలియకూడదు. ఆస్పత్రి చేరేదాకా, నలుగురు పట్టుకోవడానికి ఉండేదాకా, తెలియకూడదు. తన చేతిలో ఇక మిగిలింది ఆ ఒక్క పనే అన్నట్టు దాన్ని పట్టుకున్నాడు. నీళ్ళలో పడ్డవాడికి గడ్డిపోచ చాలు.

ఇంటి ముందు బండి ఆపాక అతనికి తెర గుర్తొచ్చింది.

వ్యానులో స్టీరింగు పక్కన పలకంత తెర ఉంది. ఫోన్ దానికి తగిలిస్తే దారి చూపిస్తుంది, ఎవరైనా ఫోన్ చేస్తే పేరూ ఫొటోతో సహా చూపిస్తుంది, గొంతు బండి స్పీకర్లలో వినిపిస్తుంది. వచ్చిన మెసేజీలు పైకి చదివేస్తుంది కూడా. కడుపులో మాట దాగని మనిషి లాంటిది. అన్న పోయిన సంగతి ఫ్యాక్టరీలో అందరికీ తెలిసే ఉంటుంది. ఎవడో ఒకడు 'అయ్యో' అని మెసేజీ పెడతాడు. తెర దాన్ని అమ్మ ముందు గొంతెత్తి చదువుతుంది. ఫోన్ ఆపేద్దామంటే, తేనె సారు మళ్ళీ చేస్తానన్నాడు.

దీనికి డ్రైవర్లందరికీ తెలిసిన మందు ఒకటుంది. వైరు పీకెయ్యడమే. వైరు లేకపోతే తెర మూగది. యజమాని ఫోన్ ఎత్తాలని లేనప్పుడు, ఇంట్లో గొడవైనప్పుడు, పక్కన కూర్చున్నవాళ్ళు వినకూడనప్పుడు చిన్నోడు ఆరేళ్ళుగా చేసింది అదే. ఇప్పుడూ అదే చేశాడు. వైరు లాగి, చుట్టి, తలుపు అరలో పడేశాడు. ఫోన్ మోగకుండా చేసి జేబులో పెట్టుకున్నాడు. ఇంజను ఆపి ఉంది కాబట్టి తెర నల్లగా ఉంది. సరే అనుకున్నాడు.

సరే కాదు. పోయిన వారమే వైరింగు మేస్త్రీ ఆ బండికి అగ్గిపెట్టంత డబ్బీ ఒకటి తగిలించాడు. వైర్లు మాటిమాటికీ తెగిపోతున్నాయని చిన్నోడే అడిగి పెట్టించుకున్నాడు. ఎడమ సీటు ముందున్న అరలో ఒక మూల టేపుతో అంటించి ఉంది అది. బండి స్టార్టు చేస్తే చాలు, కాస్త ఆలస్యంగానైనా జేబులో ఉన్న ఫోన్‌ని గాలిలోనే పట్టుకుని తెరకి కలిపేస్తుంది. వైరుతో దానికి పనే లేదు. ఇప్పుడు వైరు ఉన్నది ఛార్జింగుకే. చేతికి ఆరేళ్ళ అలవాటు, బుర్రకి వారం అలవాటు. బుర్ర పనిచెయ్యని రోజున చెయ్యే పెద్దరికం చేస్తుంది.

అమ్మ తలుపు తీసి అతని మొహం చూసింది.

"ఏంట్రా ఈ వేళప్పుడు? ఎవర్ని గుద్దావు?"

"ఎవర్నీ గుద్దలేదు. అన్నకి ఫ్యాక్టరీలో దెబ్బ తగిలిందంట. పెద్దాస్పత్రికి తీసుకెళ్ళారు. పద."

"చెయ్యా, కాలా?"

"చెయ్యి."

"కుడిదా, ఎడమదా?"

"కుడి... ఎడమ."

"ఏదో ఒకటి తేల్చరా. వాడికున్నవి రెండే." అంటూనే చెప్పులేసుకుంది. "నువ్వు చూశావా?"

"లేదు. వాళ్ళ సారు ఫోన్ చేశాడు."

"తేనె సారా? అయితే గట్టిదే తగిలింది. గోరు ఊడితే ఆయన ఫోన్ చేసే రకం కాదు."

లోపలికెళ్ళి సంచిలో తువ్వాలు, పెద్దోడి చొక్కా, దువ్వెన, వేడినీళ్ళ ఫ్లాస్కు పెట్టింది. చంకలో దిండు కూడా పెట్టుకుని వచ్చింది.

"దిండెందుకమ్మా?"

"ఆస్పత్రి దిండ్లు ఇటుకల్లా ఉంటాయి. రోజూ మోసేవాడివి, నీకు తెలీదా?"

"నేను మోసేది గలీబులే. దిండ్లు కాదు."

"అందుకే నీకు లోపలి సంగతి తెలీదు" అని ఎడమ సీట్లో ఎక్కి కూర్చుంది. సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుంది, దిండు ఒళ్ళో పెట్టుకుంది. సంచి సరిగ్గా ఆ అర తలుపుకి అడ్డంగా ఉంది.

బండి కదిలింది. తెర మీద గడియారం తప్ప ఏమీ లేదు. చిన్నోడు దాన్ని ఒకసారి చూసి రోడ్డు మీదికి చూపు తిప్పేశాడు.

అమ్మ నూలుమిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. మిషన్ల హోరులో బతికినవాళ్ళకి గొంతు పెద్దది, మాటల మధ్య సందు తక్కువ. పెద్దోడి మీద విసుగంతా వరసగా వెళ్ళబోసుకుంది. వాడికి పనిలో చూపుండదంది. చూపు ఉన్నా ఆ రోలర్లకి జాలీ పెట్టకపోతే చూపేం చేస్తుందంది. జాలీ అంటే చెయ్యి లోపలికి పోకుండా రోలర్ల ముందు ఉండే ఇనప తడిక. అట్ట త్వరగా పోవాలని దాన్ని పైకెత్తి తీగతో కట్టేశారని పెద్దోడు ఎప్పటి నుంచో చెబుతున్నాడు.

"కిందికి దింపమని అడగరా అన్నాను. అడిగాడంట. 'నీ చేతులు బంగారం నాన్నా, నీకు తడికెందుకు' అన్నాడంట ఆ సారు. మీ అన్న పొంగిపోయి ఇంటికొచ్చాడు, వెధవ. పొగిడితే పైకప్పెక్కే రకం. దిగడానికి నిచ్చెన అడగడు."

"ఊఁ" అన్నాడు చిన్నోడు.

"ఊఁ ఏంటి ఊఁ? చెయ్యి ఎంతవరకు పోయింది? నిజం చెప్పు. వేళ్ళా, మణికట్టా?"

"అక్కడికెళ్తే తెలుస్తుంది కదమ్మా."

"మీరిద్దరూ చిన్నప్పటి నుంచీ ఇంతే. ఒకడు చేస్తాడు, ఇంకొకడు దాస్తాడు. సరేలే, వేళ్ళు పోయినా బతకొచ్చు. మా మిల్లులో సగం మందికి పదికి పది లేవు. అన్నం తినలేదా, పిల్లల్ని పెంచలేదా? వాడికి నేను కలిపి పెడతా."

ఆ మాటలకి చిన్నోడికి ఏదో ఒకటి అనిపించాలి. ఏమీ అనిపించలేదు. ముందు లారీ వెనక రాసిన అక్షరాలు ఒక్కొక్కటే చదువుకుంటూ బండి నడిపాడు.

వంతెన ఎక్కుతుండగా టింగుమంది.

తెర మీద దారి పటం పరుచుకుంది. డబ్బీ తన పని తాను చేసింది. చిన్నోడి చెయ్యి ఉలిక్కిపడి వైరు కోసం తడిమింది. అక్కడ వైరు లేదు. అప్పుడు బుర్రకి అందింది.

జేబులోంచి ఫోన్ తియ్యబోయాడు.

"బండి నడుపుతూ ఫోన్ ముట్టకు! ఒకడు ఆస్పత్రిలో ఉన్నాడు చాలు" అంది అమ్మ.

"అమ్మా, ఆ సంచి కాస్త జరుపు. అరలో ఒకటి తియ్యాలి."

"ఏం తియ్యాలి?"

"ఒక... కాగితం."

"ఆస్పత్రి దగ్గర తీసుకుందువుగాని. ఫ్లాస్కు ఒలికిపోద్ది."

"అయితే వంతెన దిగాక పెట్రోలు బంకు దగ్గర ఆపుతా. డీజిలు పోయించాలి."

"ముల్లు సగం మీదుంది. నాకు కళ్ళున్నాయి." అతని మొహం కేసి తిరిగింది. "ఏంట్రా నీకు? చెమట్లు పడుతున్నాయి."

ముందు లారీ, వెనక బస్సు, పక్కన వంతెన గోడ. ఆపడానికి జాగా లేదు. దిగాక ఆపేస్తాను, దిగాక ఆపేస్తాను అని లోపల జపంలా అనుకున్నాడు. లారీ తాబేలులా పోతోంది.

అప్పుడు పటం పోయి తెర నిండా అన్న వచ్చాడు.

నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఈ బండి ముందు రేకు మీదే కాలు మీద కాలేసుకుని కూర్చుని తీయించుకున్న ఫొటో. కింద పెద్ద అక్షరాలతో 'అన్న' అని ఉంది. స్పీకర్లు మోగడం మొదలుపెట్టాయి.

"అదిగో! వాడే!" అమ్మ దిండుని గుండెకి హత్తుకుంది. ఆ మొహం చిన్నోడు ఓరగా చూశాడు. ఇంటి దగ్గర్నుంచి బిగించి ఉంచిందంతా ఒక్కసారిగా వదిలేసింది. "ఫోన్ చేస్తున్నాడంటే చెయ్యి ఆడుతున్నట్టే. ఎడమదే అయ్యుంటుంది. ఎత్తరా!"

"నడుపుతున్నానమ్మా. దిగాక మనమే చేద్దాం."

"దిగాకేంటి, దిగాక? వాడక్కడ నొప్పితో ఉంటే!"

"అమ్మా, వద్దు—"

"పచ్చ గుండీ నాకు కనబడట్లేదా?" అని నొక్కేసింది. పెద్దోణ్ణి తిట్టడానికి నోరు తెరిచింది. తిట్టు బయటికి రాకముందే స్పీకర్లలోంచి తేనె కారింది.

"తమ్ముడూ, బయల్దేరావా? అమ్మగారికి ఏం చెప్పలేదుగా? మంచిది నాన్నా. విను, పోయినవాడు ఎలాగూ పోయాడు. ఉన్నవాళ్ళ సంగతి మనం చూసుకోవాలి. మధ్యాహ్నం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తాడంట. అడిగితే, అన్నకి ముందు నుంచీ కళ్ళు తిరిగే జబ్బుందని చెప్పు. టీకని బయటికొచ్చి పడిపోయాడు, అంతే. మిషను దగ్గరేం జరగలేదు. ఇక్కడ శుభ్రంగా కడిగించేస్తున్నాను, ఇంకో గంటలో షిఫ్టు మొదలైపోద్ది. ఇంకో చిన్న సంగతి. అమ్మగారి వేలిముద్ర ఒకటి కావాలి. ఏడుపుల్లో అడిగితే బాగోదు కదా. వైద్యం కోసమని చెప్పి ముందే వేయించెయ్. వింటున్నావా నాన్నా?"

లారీ కాస్త వేగం అందుకుంది. చిన్నోడు దాని వెనకే కదిలాడు. కాలు దానంతటది నొక్కుతోంది, చేతులు వాటంతటవి తిప్పుతున్నాయి.

అమ్మ తెరకేసి చూస్తోంది. తెర మీద పెద్దోడు కాలు మీద కాలేసుకునే ఉన్నాడు.

"వాడి ఫోన్ నీ చేతిలో ఎందుకుంది?" అంది.

స్పీకర్లలో మాట ఆగిపోయింది. మాట ఆగాక దాని వెనకున్నది వినిపించింది. గొట్టంలోంచి నీళ్ళు ఇనుము మీద పడుతున్న చప్పుడు.

"అమ్మగారూ... మీరా... మీరు కంగారు పడకండి, మీ ఆరోగ్యం..."

"వేలిముద్రెందుకు? నాకు సంతకం వచ్చు."

"అది కాదమ్మా—"

"ఆ నీళ్ళు ఆపించు. నేను వస్తున్నా."

ఎర్ర గుండీ నొక్కింది. పెద్దోడు పోయి పటం తిరిగొచ్చింది.

వంతెన దిగేదాకా అమ్మ ఏడుస్తుందని, గుండె పట్టుకుంటుందని, అరుస్తుందని చిన్నోడు ఎదురుచూశాడు. అమ్మ ఒళ్ళో దిండుని తీసి వెనక్కి, మాసిన మూటల మీదికి పెట్టింది. దులిపినట్టు చేతులు రెండూ రుద్దుకుంది.

"ముందుకెళ్ళి కుడివైపు తిరగండి" అంది తెర, ఆస్పత్రి దారి చూపిస్తూ.

"తిరగకు. ఎడమకి పోనీ" అంది అమ్మ.

"అన్న ఆస్పత్రిలో..."

"వాడింక ఎక్కడికీ పోడు. గంట పోతే మిషను దగ్గర ఉన్నదే పోతుంది. ఎడమకి తిప్పు."

తిప్పాడు. తెర కాసేపు తికమకపడి, మళ్ళీ కుడి దారులే వెతికి చూపిస్తూ ఉంది. వెనక్కి తిరగండి అంది. మళ్ళీ వెనక్కి తిరగండి అంది. ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున్నే."

"నేను దిండు తెచ్చినప్పుడు తెలుసు నీకు."

"తెలుసు."

"వేళ్ళు పోయినా కలిపి పెడతానన్నప్పుడు?"

"తెలుసమ్మా."

అమ్మ గొంతులో కోపం లేదు. బజార్లో వస్తువు తిప్పి చూస్తున్నట్టు అడుగుతోంది. అది కోపం కంటే కష్టంగా ఉంది, కానీ ఆ కష్టం కూడా చిన్నోడికి ఎక్కడో పక్కింట్లో ఎవరికో తగులుతున్నట్టుంది.

"నా గుండె తట్టుకోదని ఎవరన్నారు?"

"సారు."

"ఆయన డాక్టరా?"

"నీ మంచికే అనుకున్నానమ్మా" అన్నాడు చిన్నోడు.

"మంచి ఎవరిదో ఇప్పుడు విన్నావుగా." అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. "మా మిల్లులో నా పక్క మిషను పిల్లకి జడ చిక్కుకుంది. వాళ్ళమ్మకి జ్వరమని కబురు పెట్టారు. పాపం, పెద్దావిడ, మెల్లగా చెప్దామన్నారు. మేమూ నిజమే కదా అనుకున్నాం. ఆవిడ వచ్చేసరికి నేల అద్దంలా ఉంది. ఇన్‌స్పెక్టరు ఆ నేల మీదే నిలబడి టీ తాగి వెళ్ళాడు. పిల్లదే తప్పన్నారు. జడ ముడెయ్యలేదంట."

ఇలాంటి దయ లోకంలో చాలా ఉంది. పోయినవాడి ఇంటివాళ్ళ మీద ఉన్నట్టుండి పుట్టుకొస్తుంది. బతికున్నప్పుడు తడిక దింపని చెయ్యే, చచ్చాక భుజం మీద పడి మెల్లగా, మెల్లగా అంటుంది. ఆ మెల్లదనం ఎంత త్వరగా పనిచేస్తుందో చిన్నోడు ఆ రోజే చూశాడు. పొద్దున తను చెప్పిన థాంక్సు గుర్తొచ్చింది. నోట్లో ఇంకా ఉన్నట్టుంది.

ఫ్యాక్టరీ గేటు మూసి ఉంది. ఇనప రేకు గేటు, నిలువెత్తు. దాని కింద సందులోంచి నీళ్ళు వస్తున్నాయి. రోడ్డు మీదికి పాకి, కాలవలోకి జారుతున్నాయి. ఆ ఫ్యాక్టరీలో అట్టలు అంటించే జిగురు రోజూ కడుగుతారు, నీళ్ళు పాలలా తెల్లగా వస్తాయని అన్న చెప్పేవాడు. ఇప్పుడు ఏ రంగులో ఉన్నాయో చిన్నోడు చూడలేదు. అమ్మ చూసింది. వంగి, బాగా చూసింది.

పక్క గదిలోంచి వాచ్‌మన్ బయటికొచ్చాడు.

"లాండ్రీ బండి ఇక్కడికెందుకయ్యా? ఇక్కడ దుప్పట్లు లేవు."

"గేటు తియ్యి. పెద్దోడి అమ్మని" అంది అమ్మ.

వాచ్‌మన్ మొహం మారిపోయింది. పెద్దోడు ఎవరని అడగలేదు. "అమ్మా, లోపలెవరూ లేరమ్మా. అందరూ ఆస్పత్రికి పోయారు."

"ఎవరూ లేకపోతే నీళ్ళెవరు పోస్తున్నారు?"

"నా చేతిలో ఏముందమ్మా? తియ్యొద్దన్నారు."

"నీ చేతిలో తాళం ఉంది" అంది అమ్మ. వాచ్‌మన్ తాళంచెవి ఉన్న జేబు మీద చెయ్యి పెట్టుకుని నేలకేసి చూశాడు.

అమ్మ కొడుకు వైపు తిరిగింది. "మీ వదినకి చెప్పావా?"

"లేదు. సాయంత్రం మెల్లగా..." సగంలో ఆగిపోయాడు.

"ఇప్పుడు చెయ్యి. నోటితో చెప్పు."

"అమ్మా, పనిలో ఉంటుంది. ఒక్కతే ఉంటుంది. నువ్వు చెప్పు."

"దాచింది నువ్వు. చెప్పేది నువ్వే."

చిన్నోడు తెరిచి ఉన్న బండి తలుపు పక్కన నిలబడి ఫోన్ చేశాడు. చెవికి పెట్టుకుంటే చెవిలో ఏమీ లేదు. ఇంజను ఆడుతూనే ఉంది కాబట్టి గంట బండి స్పీకర్లలో మోగింది. వదిన గొంతు కూడా అక్కడి నుంచే వచ్చింది, వీధిలోకి, వాచ్‌మన్‌కి కూడా వినబడేట్టు. ఆపుదామనుకున్నాడు. ఆపలేదు.

"ఏం చిన్నా, పనివేళ ఫోన్ చేశావు? మళ్ళీ తాళాలు మా ఇంట్లో మర్చిపోయావా? ఈసారి జరిమానా కట్టందే ఇవ్వను." వెనక కుట్టుమిషన్లు వరసగా గిర్రుమంటున్నాయి.

"వదినా, అన్నకి చిన్న..."

అమ్మ అతని కళ్ళలోకి చూసింది.

"వదినా, అన్న చచ్చిపోయాడు" అన్నాడు. "పొద్దున. మిషన్లో పడి. బయట పడిపోయాడని రాయించబోతున్నారు. నాకు పొద్దున్నే తెలుసు, నీకు చెప్పలేదు. నేనూ అమ్మా ఫ్యాక్టరీ గేటు దగ్గరున్నాం. లోపల మిషను కడిగేస్తున్నారు. గేటు తియ్యట్లేదు."

ఇంతే అన్నాడు. చెప్పాలనుకున్నది ఇంకా ఉందేమోనని వెతికాడు. లేదు.

వదిన వెనక మిషన్లు ఆగలేదు. అవతల ఎవరో ఆడమనిషి ఎవరినో దారం అడుగుతోంది.

"ఏ గేటు?" అంది వదిన చివరికి.

"ముందుది."

"వెనకదొకటుంది. అట్టల లారీలు అటే పోతాయి. ఆయన చెప్పేవాడు." ఊపిరి తీసుకున్న చప్పుడు స్పీకర్లలో గాలిలా వినిపించింది. "నాతోపాటు ఇక్కడివాళ్ళని తీసుకుని వెనక గేటుకి వస్తా. మీరక్కడి నుంచి కదలొద్దు."

లైను తెగిపోయింది.

చిన్నోడు బండెక్కాడు. వెనక్కి తీసి, ముందుకి తెచ్చి, గేటుకి అడ్డంగా, రేకుకి రాసుకునేంత దగ్గరగా పెట్టాడు. ఇంజను ఆపి తాళం జేబులో వేసుకున్నాడు.

"అలా పెడితే ఎలాగయ్యా? ఇన్‌స్పెక్టరుగారి కారు రావాలి!" అన్నాడు వాచ్‌మన్.

"దిగి నడుస్తాడు" అన్నాడు చిన్నోడు. "ఈ నీళ్ళలో నడిచి లోపలికి పోతాడు."

వాచ్‌మన్ ఇంకేదో అనబోయి, తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

అమ్మ అప్పటికే బండికీ గేటుకీ మధ్య సందులోకి పోయి రేకుని అరచేత్తో బాదుతోంది. ఏడవట్లేదు, అరవట్లేదు, ఎవర్నీ తిట్టట్లేదు. ఒకే వరసలో, మిల్లులో షిఫ్టంతా చేసే పనిలా కొడుతోంది. లోపల గొట్టం నీళ్ళ చప్పుడు ఒకసారి తగ్గింది. ఎవరో గసిరారు. మళ్ళీ మొదలైంది.

చిన్నోడు పోయి అమ్మ పక్కన నిలబడి తనూ కొట్టడం మొదలుపెట్టాడు. ఎండకి రేకు కాలిపోతోంది. చేతికి అదేమీ తెలియలేదు. అరచెయ్యి తిప్పి చూసుకుంటే ఎర్రగా కమిలిపోయి ఉంది. ఎవరిదో చెయ్యిలా దాన్ని ఒకసారి చూసి, మళ్ళీ కొట్టాడు.